తోండోనియా సీసా తెరిచే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటికి ఒకే ఇల్లు కేంద్రం. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో హారో అనే చిన్న పట్టణం ఉంది. అక్కడివాళ్లు పలకడం ‘ఆరో’ అనే. 1877లో రఫాయెల్ లోపెజ్ దె ఎరెదియా అక్కడ వైన్ తయారీ మొదలుపెట్టారు. ఆ వైన్ ఇంటి పేరు కూడా లోపెజ్ దె ఎరెదియాయే, తోండోనియా అక్కడి వైనే. ఇప్పుడు నడిపిస్తున్నది ఆ కుటుంబంలోని నాలుగో తరం. తోటలు వాళ్లవే, పీపాలు వాళ్లవే, ఆ పీపాలు చేసే వడ్రంగులూ ఆ ప్రాంగణంలోనే ఉంటారు. ఈ వైన్లు రుచి చూడటానికి కొంచెం ఓపిక, కొంచెం సన్నాహం కావాలి. ఆ రెండూ లేక మంచి సీసాలు వృథా అవుతున్నాయని ఉత్తరాలు చదివితే తెలుస్తోంది. అందుకే ఈ నెల శీర్షికంతా వీటికే.

ప్రశ్న: వీన్యా తోండోనియా రెసేర్వా తెరిచాం. ముదురు ఎరుపు అనుకుంటే పాత ఇటుక రంగు వచ్చింది, అంచున నారింజ చాయ కూడా ఉంది. పాడైపోయిందని పారబోశాం. మేం చేసింది సరైనదేనా?

అయ్యో, పారబోయకుండా ఉండాల్సిందండీ. ఆ రంగు వయసు వల్ల, పెంపకం వల్ల, అంటే పీపాలో, సీసాలో ఏళ్లపాటు ఉంచి పక్వం చేయడం వల్ల వచ్చింది.

రెడ్ వైన్‌కు రంగు ద్రాక్ష తొక్క నుంచి వస్తుంది. ఆ రంగు పదార్థాలూ, వగరునిచ్చే టానిన్లూ ఏళ్లు గడిచేకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని పెద్దవై, బరువెక్కి అడుగుకు దిగుతాయి. సీసా అడుగున కనిపించే మడ్డి అదే. పైన ఉన్న వైన్ పల్చబడుతుంది, ఊదా చాయ పోయి ఇటుక రంగుకు తిరుగుతుంది. ఏ రెడ్ వైన్‌కైనా ఇది తప్పదు. తోండోనియాలో మాత్రం చాలావరకు సీసాలోకి రాకముందే జరిగిపోతుంది. రెసేర్వా సుమారు 6 ఏళ్లు 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఉంటుంది. ఏడాదికి 2 సార్లు ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి చేతిపనిగానే తేర్చి పోస్తారు. అంటే సీసా చేరేలోపు పన్నెండుసార్లు గాలి సోకుతుంది, పన్నెండుసార్లు మడ్డి వెనక ఉండిపోతుంది. చివర కోడిగుడ్ల తెల్లసొన కలుపుతారు. అందులోని ప్రోటీన్ ముతక టానిన్లను పట్టుకుని కిందికి లాగుతుంది. ఆపైన ఫిల్టర్ చేయరు.

మరి పాడైందని ఎలా తెలుస్తుంది? గ్లాసును తెల్ల కాగితం మీద బాగా వంచి నడిమి భాగం చూడండి. పల్చగా ఉన్నా ఎర్రటి జీవం ఉండి, అంచు దగ్గర దీపం వెలుగులా మెరుస్తుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. నడిమితో సహా అంతా మట్టి గోధుమ రంగుకు తిరిగి, మెరుపు చచ్చిపోయి, వాసనలో పండు జాడ బొత్తిగా లేకపోతే అప్పుడు అనుమానించాలి. ఒక్క రంగు చూసి తీర్పు చెప్పకండి. ఇకపై ఏ సీసా అయినా గ్లాసులో పోసి 20 నిమిషాలు ఆగి, మళ్లీ వాసన చూశాకే నిర్ణయించండి.

ప్రశ్న: క్రియాన్సా, రెసేర్వా, గ్రాన్ రెసేర్వా అన్నవి నాణ్యత మెట్లా? కుబీయో, బోస్కోనియా, తోండోనియా అన్న పేర్లతో వాటికి సంబంధం ఏమిటి?

మొదటి మూడూ రియోహా నిబంధనల మాటలు. అవి ప్రధానంగా కాలానికి సంబంధించినవి. రెడ్ వైన్‌కు క్రియాన్సా అంటే కనీసం 2 ఏళ్ల పెంపకం, అందులో ఏడాది ఓక్ పీపాలో. రెసేర్వాకు మొత్తం 3 ఏళ్లు. అందులో కనీసం ఏడాది పీపాలో, 6 నెలలు సీసాలో. గ్రాన్ రెసేర్వాకు 5 ఏళ్లు, అందులో 2 పీపాలో, 2 సీసాలో. సీసా వెనక అతికించే అధికారిక చీటీ చూసినా తెలిసిపోతుంది: క్రియాన్సాకు ఎరుపు, రెసేర్వాకు ముదురు మెరూన్, గ్రాన్ రెసేర్వాకు నీలం.

తర్వాతి మూడూ ఈ ఇంటి వైన్ల పేర్లు, ఒక్కోటీ ఒక్కో తోటది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ ఇంట్లో నిబంధన అడిగేదానికంటే చాలా ఎక్కువ కాలం ఆగుతారు. వీన్యా కుబీయో పేరుకు క్రియాన్సాయే అయినా సుమారు 3 ఏళ్లు పీపాలో ఉంటుంది. అది 24 హెక్టార్ల కుబీయాస్ తోట నుంచి వస్తుంది. బోస్కోనియా రెసేర్వాకు సుమారు 5 ఏళ్లు, తోట 15 హెక్టార్లు. తోండోనియా రెసేర్వాకు 6, ఆపైన సీసాలో మరికొన్నేళ్లు. మార్కెట్‌లోకి వచ్చేసరికి ద్రాక్ష కోసి పదేళ్లు దాటి ఉంటుంది. గ్రాన్ రెసేర్వా అయితే ద్రాక్ష బాగా పండిన ఏడాదుల్లోనే చేస్తారు. అమ్మకానికి వచ్చేసరికి దానికి దాదాపు 20 ఏళ్లు.

తోండోనియా తోట ఎబ్రో నది కుడి గట్టున, నది మెలిక తిరిగే చోట, 100 హెక్టార్లకు పైగా విస్తరించి ఉంది. నాటింది 1913–14లో. సున్నం ఎక్కువగా ఉన్న ఒండ్రు బంకమట్టి నేల. రెసేర్వాలో నాలుగు ద్రాక్ష రకాలు: సుమారు 75 శాతం టెంప్రనీయో, 15 శాతం గార్నాచా, మిగతాది గ్రసియానో, మసువేలో. టెంప్రనీయో ఒళ్లు ఇస్తుంది, గార్నాచా కమ్మదనం ఇస్తుంది. గ్రసియానో, మసువేలో పులుపును నిలబెడతాయి. పాతికేళ్ల తర్వాత కూడా వైన్ చప్పబడకుండా ఉందంటే ఆ చివరి పది శాతానికి అందులో పెద్ద వాటా ఉంది.

బోస్కోనియా, తోండోనియాలను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. బోస్కోనియా సీసా భుజాలు ఫ్రాన్స్‌లోని బుర్గుండీ పద్ధతిలో జారుగా ఉంటాయి, తోండోనియావి అక్కడిదే బోర్డో పద్ధతిలో నిటారుగా ఉంటాయి. రుచిలో బోస్కోనియా కండగలది, తోండోనియా సన్నగా, పొడుగ్గా సాగేది.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి. కుబీయో, బోస్కోనియా రెసేర్వా, తోండోనియా రెసేర్వా, ఒక తోండోనియా గ్రాన్ రెసేర్వా, మొత్తం నాలుగు సీసాలు సమకూర్చుకున్నాం. ఒక్క సాయంత్రంలో వీటిని సరిగ్గా రుచి చూడాలంటే మొదటి నుంచి చివరిదాకా ఏం చేయాలో చెప్పండి.

మంచి వరస కుదిరింది మీకు. ఎనిమిది మందికి నాలుగు సీసాలు సరిగ్గా సరిపోతాయి.

పని రెండు రోజుల ముందే మొదలవుతుంది. పడుకోబెట్టి ఉంచిన సీసాలను 48 గంటల ముందు మెల్లగా నిలబెట్టండి. ఫిల్టర్ చేయని వైన్ కాబట్టి మడ్డి పక్క గోడకు అంటుకుని ఉంటుంది. అది జారి అడుగుకు చేరడానికి ఒక రోజైనా పడుతుంది, గ్రాన్ రెసేర్వాకు రెండు రోజులు ఇవ్వడం మేలు. ఆ తర్వాత సీసాను ఊపుతూ మోసుకెళ్లడం, చీటీ చూపించడానికి తలకిందులు చేయడం వద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఒక్క కుదుపుతో రెండు రోజుల నిరీక్షణ మట్టిపాలవుతుంది. మడ్డి కలిసిన వైన్ ప్రమాదమేమీ కాదు కానీ, నాలుక మీద ఇసుకలా తగిలి, చేదెక్కి, సన్నని వాసనలన్నిటినీ కప్పేస్తుంది.

చల్లదనం గురించి పట్టుదలగా ఉండండి. గ్లాసులో 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ‘రెడ్ వైన్‌ను గది వేడిమిలో ఇవ్వాలి’ అన్న మాట చలిదేశాల రాతి ఇళ్లలో పుట్టింది. 20 దాటితే ఆల్కహాల్ ముందు ఆవిరై ముక్కును పొడుస్తుంది, పండు వాసన దాని వెనక దాక్కుంటుంది. 13 కంటే తగ్గితే వాసనలు ముడుచుకుపోయి, వగరూ పులుపూ గరుకుగా పైకి వస్తాయి. గది 25 డిగ్రీలు ఉంటే సీసాను నిలువుగానే ఫ్రిజ్‌లో సుమారు గంటన్నర ఉంచండి. తొందరైతే సగం ఐసు, సగం నీళ్లు ఉన్న బకెట్‌లో 8–10 నిమిషాలు చాలు. 15 దగ్గర తీసి పోస్తే గ్లాసులో తనంతట తానే రెండు డిగ్రీలు ఎక్కుతుంది. చేత్తో తాకి అంచనా వేయకుండా వంటింటి థర్మామీటర్‌ను మొదటి గ్లాసులో ముంచి చూడండి.

గ్లాసులు పైకి వెళ్లేకొద్దీ సన్నబడే ఆకారంలో, 350–450 మిల్లీలీటర్లు పట్టేవి మనిషికి నాలుగు చొప్పున ఉంటే చాలు. ఖరీదైనవి అక్కర్లేదు. శుభ్రంగా ఉండటమే ముఖ్యం. పోయకముందు ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చూడండి. అలమరా చెక్క వాసన, తుడిచిన గుడ్డ వాసన, సబ్బు వాసన, వీటిలో ఏదో ఒకటి తగులుతుంది. వేడినీళ్లతో కడిగి, నీళ్లు ఓడ్చి, ఒక చెంచాడు కుబీయో పోసి గ్లాసంతా తిప్పి, అదే చెంచాడు తర్వాతి గ్లాసులోకి వంచుతూ గ్లాసులన్నిటినీ తడపండి. స్పెయిన్‌లో దీన్ని అవినార్ అంటారు. ఆ చెంచాడు వైన్ చివరికి పారబోయాల్సిందే.

ఇక పోయడం. 50 మిల్లీలీటర్లను కొలపాత్రతో ఒక గ్లాసులో పోసి అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి. ఆ వైన్‌కు మిగతా ఏడు గ్లాసుల్లో కంటితోనే అంత పోయవచ్చు. ఎనిమిది మందికి 400 పోను, మడ్డితో 50 వదిలేసినా, సీసాలో ఇంకా 300 మిగులుతుంది. దాన్ని ముట్టుకోవద్దు, రెండో చుట్టుకు అదే అసలు ఆస్తి.

క్రమం మీరు రాసినదే సరైనది: కుబీయో, బోస్కోనియా, తోండోనియా రెసేర్వా, చివరికి గ్రాన్ రెసేర్వా. పడుచుది ముందు, ముసలిది వెనక. ఇలా పోస్తే కుబీయో కండ ముందు గ్రాన్ రెసేర్వా సన్నదనం తెలియదని కొందరు భయపడి క్రమం తలకిందులు చేస్తారు. ఈ నాలుగింటి మధ్య కండలో తేడా అంత పెద్దది కాదు. వాసన లోతులో తేడానే పెద్దది, కాబట్టి లోతైనది చివరికి ఉండాలి.

ప్రతి గ్లాసుకూ మొదట తిప్పకుండానే వాసన చూడండి. ఆ తర్వాత మూడు చుట్లు తిప్పి మళ్లీ. 10–15 మిల్లీలీటర్లు నోట్లోకి తీసుకుని, పెదవులు కొద్దిగా తెరిచి రెండుసార్లు గాలి లోపలికి పీల్చి, పది లెక్కపెట్టేదాకా బుగ్గలకూ చిగుళ్లకూ తగలనివ్వండి. ఉమ్మేశాక ముక్కుతో గాలి వదలండి. తర్వాత రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. తోండోనియా రెసేర్వా దగ్గర ఈ లెక్క ఎంతసేపు సాగుతుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. నాలుగూ అయ్యాక గ్లాసులు ఖాళీ చేయకుండా అలాగే ఉంచి, పోసిన 20 నిమిషాలకు ఒకసారి, గంటకు ఒకసారి తిరిగి వాసన చూడండి. మొదటి చుట్టులో వెనకబడ్డ సీసా గంట తర్వాత ముందుకు రావడం ఈ ఇంటి వైన్లతో తరచూ జరుగుతుంది.

బల్ల మీద ఉప్పు లేని బ్రెడ్డు, మామూలు నీళ్లు చాలు. చీజ్ కొవ్వు నాలుకకు పూతలా పట్టి వగరును మూసేస్తుంది, భోజనంలో అది సుఖమే గానీ పరీక్షలో అడ్డం. అత్తరు, పూలు, అగరుబత్తి, కాఫీ ఆ గదిలోకి రానివ్వకండి.

ప్రశ్న: గ్రాన్ రెసేర్వా మూతి మీద లక్క పోసి ఉంది. చెక్కబోతే పెచ్చులు ఎగిరాయి. కింద బిరడా కూడా రెండు ముక్కలైంది. ఎక్కడ తప్పు జరిగింది?

లక్కను చెక్కడంతోనే తప్పు మొదలైంది. ముందు చెక్కాల్సిన పనే లేదు. తడిగుడ్డతో పైభాగం తుడిచి, మరమేకును, అంటే కార్క్‌స్క్రూను, లక్క నడిమధ్యలోంచే నిటారుగా దించండి. బిరడా సగం పైకి వచ్చేసరికి లక్క అంచు చుట్టూ తనంతట తానే చిట్లుతుంది. అక్కడ ఆగి, పెచ్చులను తడిగుడ్డతో సీసాకు బయటివైపుగా తుడిచేసి, అప్పుడు మిగతా సగం లాగండి. ఆ ఆగడం మరిచిపోతే పెచ్చులన్నీ వైన్‌లో పడతాయి.

బిరడా ముక్కలవడానికి కారణం దాని వయసు. ఇరవై ఏళ్లు దాటిన సహజ బిరడా కింది సగం నానిపోయి మెత్తబడుతుంది, పై సగం గట్టిగానే ఉంటుంది. మరమేకు సగం వరకే దిగితే గట్టి సగం ఊడివస్తుంది, మెత్తనిది లోపల ఉండిపోతుంది. మెలికలు పొడుగ్గా ఉండి, నడిమి ఖాళీగా ఉన్న మరమేకు వాడండి. కింద ఇంక రవ్వంత మిగిలేదాకా దించండి. లాగడం మాత్రం నెమ్మదిగా, వంచకుండా. రెండు సన్నని రేకులున్న తీసే పనిముట్టు కూడా పాత బిరడాలకు బాగుంటుంది. పొడుగు రేకు ముందు దించి, ఇటూ అటూ ఊపుతూ రెండోదాన్ని దించి, తిప్పుతూ లాగాలి. బిరడా ముందే వదులుగా కదులుతుంటే మాత్రం ఈ రేకులు దాన్ని లోపలికి తోసేస్తాయి, అప్పుడు మరమేకే గతి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ముక్క లోపల పడిందా, కంగారు పడకండి. సన్నని స్టీలు జల్లెడ గుండా తేర్చేయండి. కాగితపు కాఫీ ఫిల్టర్ వద్దు, కాగితం వాసన వైన్‌కు అంటుకుంటుంది.

ప్రశ్న: పాత వైన్‌ను రెండు గంటల ముందే వెడల్పు జాడీలో పోసి ఉంచమని ఒకరు చెప్పారు. నిజమేనా?

వయసులో ఉన్న, వగరు దట్టంగా ఉన్న వైన్లకు ఆ సలహా పనికొస్తుంది. తోండోనియాకు వద్దు. పీపాల్లో ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా గాలి తాగుతూనే పెరిగింది అది. దానికి ఇప్పుడు కావాల్సింది మడ్డి నుంచి వేరుపడటం ఒక్కటే. వెడల్పు అడుగున్న జాడీలో రెండు గంటలుంటే ఎండు గులాబీ, నారింజ తొక్క లాంటి పైపై వాసనలు ముందు ఎగిరిపోతాయి. ఆ తర్వాత ఎంత వెతికినా అవి తిరిగి రావు.

సన్నని జాడీ తీసుకోండి. సీసా మెడ వెనక ఒక దీపం, కొవ్వొత్తి అయినా సరే, ఉంచండి. ఒకే వంపులో, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టకుండా, నిమిషానికి పైగా సమయం తీసుకుని వంచండి. ఆపిన ప్రతిసారీ వైన్ వెనక్కి పోయి మడ్డిని కుదుపుతుంది. చివర్లో భుజం దగ్గర సన్నని పొగ దారంలా మడ్డి పాకుతూ కనిపిస్తుంది. అది మెడలోకి చేరేలోపే సీసాను ఎత్తేయండి. రెసేర్వా అయితే వడ్డించే 20–30 నిమిషాల ముందు, గ్రాన్ రెసేర్వా అయితే వడ్డించబోతూ. కుబీయోకు జాడీ అవసరమే లేదు.

ప్రశ్న: మూత తీయగానే గోళ్ల రంగు వాసనలాంటిది వచ్చింది. ఇంకో సీసాలో పుట్టగొడుగుల వాసన. వీటిలో దోషమేది, సహజమేది?

పుట్టగొడుగు, తడి ఆకులు, అడవి నేల, తోలు వాసనలు వయసువి. వాటిని ఆస్వాదించండి. గోళ్ల రంగు వాసన ఇథైల్ ఎసిటేట్‌ది. పీపాలో ఎక్కువ కాలం ఉన్న వైన్‌లో కొద్దిగా ఉండటం మామూలే. మోతాదులో ఉంటే మిగతా వాసనలను పైకి ఎత్తి అందిస్తుంది కూడా. మింగాక గొంతులో వినెగర్ మంటలా తగిలితే అప్పుడది దోషం. తెరిచిన మొదట్లో మాత్రమే వచ్చే కుళ్లిన గుడ్డు లాంటి వాసన, అగ్గిపుల్ల వాసన సీసాలో గాలి అందక పుట్టినవి. పావుగంటలో పోతాయి.

నిజంగా వెనక్కి ఇచ్చేయాల్సింది బిరడా చెడినప్పుడు. తడిసిన అట్టపెట్టె, ముక్కిన గోనె వాసన వస్తుంది. దీనికి కారణమైన టీసీఏ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకు తెలుస్తుంది. ఇంకా తక్కువగా ఉన్నప్పుడు వాసనగా తెలియదు, కానీ పండును నొక్కేస్తుంది. వైన్ ఊరికే మూగగా, ఏదీ చెప్పకుండా ఉంటే దీన్నే అనుమానించాలి. పరీక్ష సులువు. గ్లాసును అరగంట వదిలేయండి. మామూలుగా ముడుచుకున్న వైన్ విచ్చుకుంటుంది. టీసీఏ ఉన్నది ఇంకా ఘోరమవుతుంది.

వేడికి దెబ్బతిన్న సీసాను తెరవకముందే పట్టుకోవచ్చు. బిరడా మూతి మట్టం దాటి పైకి ఉబ్బి ఉంటుంది, లేదా మెడ మీద జిగట చార కనిపిస్తుంది. రుచిలో ఉడికించిన పండు పాకం తగులుతుంది, వెనక పులుపు ఉండదు. కొనేటప్పుడే వైన్ మట్టం కూడా చూడండి. ఇరవై ఏళ్ల సీసాలో మట్టం మెడ అడుగున ఉంటే మంచిదే. భుజం సగానికి దిగి ఉంటే కొనకండి.

ప్రశ్న: అందరూ ‘తోలు, పొగాకు, కొబ్బరి’ అని రాస్తారు. నాకు ద్రాక్ష వాసన తప్ప ఏదీ తెలియడం లేదు. ముక్కులో లోపమా?

ముక్కు బాగానే ఉంటుంది, అలవాటే కావాలి. మూతలున్న ఎనిమిది చిన్న గాజు సీసాలు తీసుకుని ఒక్కోదానిలో ఒక్కోటి వేయండి: ఎండు నారింజ తొక్క, లవంగం, వనిల్లా కాయ ముక్క, ఎండు కొబ్బరి, అక్రోటు, పొగాకు, పాత తోలు ముక్క, ఎండు పుట్టగొడుగు. కళ్లు మూసుకుని రోజుకు ఐదు నిమిషాలు ఏదేదో చెప్పడానికి ప్రయత్నించండి. రెండు వారాలకు ఎనిమిదీ గుర్తుపడతారు. ఆ తర్వాత గ్లాసులో అవి కనిపించడం మొదలవుతుంది.

కొబ్బరి, వనిల్లా ఊహలు కావు. ఈ ఇంట్లో వాడేది అమెరికన్ ఓక్. ఆ కొయ్యలోని లాక్టోన్లనే పదార్థాలు నిజంగానే కొబ్బరి వాసన ఇస్తాయి. పీపాలు బాగా పాతవి కాబట్టి ఆ వాసన పల్చగా, లోపలెక్కడో ఉంటుంది. కొత్త పీపాలో పెట్టిన వైన్‌లోలా ముందుకొచ్చి కూర్చోదు.

ఇంకో మాట. ఇంగ్లిషు రుచి పుస్తకాల పదాలను మోయాల్సిన పని లేదు. వగరును ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టిన భాష మనది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే పట్టేసే వగరు వేరు, బాగా మరిగిన టీ వగరు వేరు, తొక్కతో నమిలిన ద్రాక్ష వగరు వేరు. కుబీయో ఎక్కడ పట్టింది, చిగుళ్లనా, నాలుక నడుమనా? తోండోనియాలో ఆ వగరు ఎంత సన్నటి నూరుడై, పట్టుగుడ్డ రుద్దినట్టు తగిలింది? అలా మీ మాటల్లోనే రాసుకోండి. ఏడాది తర్వాత చదివినా ఆ గ్లాసు కళ్లముందుకు వస్తుంది.

ప్రశ్న: ఉమ్మేయడం మర్యాద తప్పినట్టు అనిపిస్తోంది. తప్పదా?

తప్పదండీ. 13 శాతం వైన్ 50 మిల్లీలీటర్లలో సుమారు 5 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. నాలుగు వైన్లు, రెండు చుట్లు అంటే, రెండో చుట్టు కాస్త తక్కువైనా, 35 గ్రాములు దాటుతుంది. అంతా మింగితే రెండో చుట్టులో నాలుక చెప్పేదాన్ని నమ్మలేం. ఒక్కొక్కరికి లోపల కనబడని రంగు కప్పు ఇచ్చేయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఉమ్మినా కొంత లోపలికి పోతుంది, కాబట్టి బండి నడిపే మనిషి ఆ పూట వైన్ ముట్టకూడదు.

ప్రశ్న: ఒకే ఏడాది, ఒకే తోట, ఒకే పెట్టెలోని రెండు సీసాలు వేర్వేరుగా ఉన్నాయి. మోసమా?

మోసం కాదు. సహజ బిరడా చెట్టు బెరడు. ప్రతి ముక్కకూ రంధ్రాలు వేరు, లోపలికి పంపే గాలి వేరు. పదేళ్లలో, ఇరవై ఏళ్లలో ఆ తేడా గ్లాసులోకి వస్తుంది. ఫిల్టర్ చేయని వైన్ కావడంతో ఇంకాస్త స్పష్టంగా తెలుస్తుంది. వీలైతే ముఖ్యమైన రోజుకు ఒకటి బదులు రెండు సీసాలు దగ్గర పెట్టుకోండి.

మీ చేతిలో ఉన్నదల్లా నిల్వ. 12–14 డిగ్రీలు, చీకటి, కుదుపు లేని చోట, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టి. ఎంత చల్లగా ఉందన్నదానికంటే రోజుకో తీరుగా మారకుండా ఉండటం ముఖ్యం. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ వైన్ ఉబ్బి తగ్గుతూ బిరడా పక్కనుంచి గాలిని లోపలికి పీల్చుకుంటుంది.

ప్రశ్న: హారో వెళ్లబోతున్నాం. అక్కడ ఏం చూడాలి, ఎలా సిద్ధం కావాలి?

ముందుగా సమయం రిజర్వ్ చేసుకోండి, లేకపోతే లోపలికి వెళ్లలేరు. ఎరెదియా ఉండేది రైల్వే స్టేషన్ పేట, బారియో దె లా ఎస్తాసియోన్‌లో. ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను ఫిలోక్సెరా పురుగు తినేస్తున్న రోజుల్లో అక్కడి వ్యాపారులు వైన్ వెతుక్కుంటూ హారో వచ్చారు. రైలు ఉన్నందువల్ల వైన్ ఇళ్లన్నీ ఈ పేటలోనే వెలిశాయి. కూనే, లా రియోహా ఆల్తా, మూగా కూడా నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి.

గేటు దగ్గర ఆర్కిటెక్ట్ జహా హదీద్ రూపొందించిన రుచి మండపం కనిపిస్తుంది. 2006లో పూర్తయింది. అడ్డంగా కోసి చూస్తే వైన్ జాడీ ఆకారం. దాని లోపల, 1910 బ్రస్సెల్స్ ప్రదర్శన కోసం ఈ ఇల్లు చేయించుకున్న పాత చెక్క దుకాణాన్ని భద్రంగా నిలబెట్టారు. అది చూశాక కింది నేలమాళిగకు వెళ్లండి. రాయిని తొలిచిన ఆ మాళిగలో ఏడాది పొడుగునా చల్లగా, తేమగా ఉంటుంది కాబట్టి మందపాటి చొక్కా తీసుకెళ్లండి. గోడల మీద నల్లటి బూజు, సీసాల మీద సాలెగూళ్లు చూసి ముఖం చిట్లించకండి. బిరడాలను తొలిచే చిమ్మటలను ఆ సాలీళ్లు తినేస్తాయని కావాలనే ఉంచుతారు. పీపాలు చేసే షెడ్డు తెరిచి ఉంటే అక్కడ కాసేపు నిలబడండి. తడిపిన ఓక్ పలకను మంట మీద వంచుతుంటే వచ్చే వాసన ఒక్కసారి ముక్కున పడితే, గ్లాసులో అదే వాసనను వెంటనే పట్టేస్తారు.

జూన్ 29న వెళ్లేవారు ముందే తెలుసుకోండి. ఆ రోజు ఊరంతా ఒకరిమీద ఒకరు వైన్ కుమ్మరించుకునే పండగ. ప్రశాంతంగా రుచి చూడాలంటే వేరే రోజు ఎంచుకోండి.

ప్రశ్న: సగం సీసా మిగిలితే?

సగం సీసా సైజు, అంటే 375 మిల్లీలీటర్ల శుభ్రమైన ఖాళీ సీసా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. తెరిచిన వెంటనే దాని మూతిదాకా నింపి, గాలికి చోటు లేకుండా బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గాలి పీల్చే పంపుల కంటే ఇదే మేలు, పంపు వాసననూ లాగేస్తుంది. కుబీయో మూడు రోజులు, తోండోనియా రెసేర్వా నాలుగు రోజులదాకా నిలుస్తాయి. రెండో రోజు ఇంకా తియ్యగా విచ్చుకున్న సీసాలూ ఉంటాయి. గ్రాన్ రెసేర్వాను మాత్రం తెరిచిన రాత్రే పూర్తి చేయండి. మిగిలినదాన్ని వాడే ముందే ఫ్రిజ్‌లోంచి తీసి మళ్లీ 16 డిగ్రీలకు రానివ్వండి.